కనిపెట్టుకొని ఉండటం: మెదడు కణితి శస్త్రచికిత్సానంతర పరిరక్షణ చరిత్ర – సింగరేణి ప్రాంతం

వ్యాససంగ్రహం: మెదడులోని కణితిని తొలగించిన తరువాత తొలి రెండు, మూడు రోజులు రోగిని గంటగంటకూ పరిశీలించే పద్ధతి ఇరవయ్యో శతాబ్దంలో క్రమంగా రూపుదిద్దుకొంది. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో, ముఖ్యంగా రామగుండం, గోదావరిఖని పరిసరాల్లో, ఈ పరిరక్షణ రెండుగా చీలింది. తొలి రోజులది హైదరాబాదులో, మలి వారాలది కార్మికుడి ఇంట్లో జరుగుతున్నది. ఈ చీలికకు గల చారిత్రక కారణాలను, అందులో భాష పాత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సింగరేణి, గోదావరిఖని, మెదడు కణితి, ఐసీయూ, గ్లాస్గో కోమా స్కేల్, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం

“ఆపరేషన్ అయింది, 48 గంటలు గడిస్తే గాని ఏమీ చెప్పలేం” అనే మాట తెలుగునాట ఆసుపత్రి వరండాల్లో నిలబడిన ప్రతి కుటుంబానికీ పరిచితమే. వినేవారు దానిని ఒక గండంగా భావిస్తారు. గండం గడవాలని మొక్కుకుంటారు. మెదడు శస్త్రచికిత్సల విషయంలో ఈ గడువు వైద్యుల ముందుజాగ్రత్త మాట మాత్రమే కాదు. దాని వెనుక వేర్వేరు కాలాల్లో తలెత్తే రెండు ప్రమాదాలు ఉన్నాయి. కోసిన చోట రక్తం గూడుకట్టే ప్రమాదం తొలి గంటలది. మెదడు వాచే ప్రమాదం రెండో, మూడో రోజున పతాకస్థాయికి చేరుతుంది. ఈ రెండింటినీ ముందుగా పసిగట్టడానికి ఏర్పడిన వ్యవస్థనే నేడు అందరూ ఐసీయూ అంటున్నారు.

ఈ వ్యవస్థకు తెలుగులో ఇంకా స్థిరమైన పేరు లేదు. పత్రికలు విరివిగా వాడే ‘అత్యవసర చికిత్సా విభాగం’ అనే మాట ప్రమాదంలో గాయపడినవారిని మొదట తీసుకువెళ్లే చోటుకు సరిపోతుంది. ‘తీవ్ర చికిత్సా విభాగం’ అనే మాట తీవ్రతను చికిత్సకు అంటగడుతుంది, మందులూ యంత్రాలూ ఎక్కువగా వాడే గది అనే అర్థాన్ని స్ఫురింపజేస్తుంది. అక్కడ నిజానికి ఎక్కువగా జరిగేది చూడటం. నర్సు ప్రతి గంటకూ రోగిని పలకరించి, కనుపాపలో వెలుతురు వేసి చూసి, చేయి ఎత్తమని అడిగి, ఫలితాన్ని రాసిపెడుతుంది. తెలుగువారి ఇళ్లలో జబ్బుపడినవారి దగ్గర ‘కనిపెట్టుకొని ఉండటం’ అంటే ఇదే. చూపు, సేవ, మెలకువ మూడూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఈ వ్యాసంలో ‘పరిరక్షణ’ అనే పదం ఆ అర్థంలోనే ప్రయుక్తమైంది.

2. 1889: ఒకే సంస్థానంలో రెండు పనులు

భారత భూగర్భ పరిశీలనా సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో ఇల్లందులో ఉత్పత్తి ఆరంభమైంది. అదే సంవత్సరం రాజధాని హైదరాబాదులో రెండవ క్లోరోఫాం కమిషన్ పనిచేసింది. ఈ రెంటి మధ్య కార్యకారణ సంబంధం లేదు. అయినా సింగరేణి వైద్యచరిత్రను చెప్పేటప్పుడు వీటిని పక్కపక్కన ఉంచి చూడటం నిష్ప్రయోజనం కాదు.

క్లోరోఫాం వివాదం మత్తు ఇచ్చిన రోగిలో దేనిని కనిపెట్టాలన్న ప్రశ్నపై నడిచింది. గుండె ముందు ఆగుతుందా, శ్వాస ముందు ఆగుతుందా? రెసిడెన్సీ సర్జన్, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ శ్వాసను చూస్తే చాలునని వాదించాడు. 1888లో జరిపిన మొదటి విచారణ పాశ్చాత్య వైద్యలోకాన్ని ఒప్పించలేకపోయింది. దానితో ఆరవ నిజాం ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చి ‘లాన్సెట్’ పత్రిక తరఫున ఒక నిపుణుణ్ణి పంపమని కోరింది. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. జంతువులపై విస్తృతంగా ప్రయోగాలు జరిగాయి, కమిషన్ లారీ పక్షాన్నే బలపరచింది. 1911లో ఎ. జి. లెవీ చేసిన ప్రయోగాలు క్లోరోఫాం వల్ల గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని చూపి ఆ నిర్ణయాన్ని సవరించాయి. కమిషన్ తేల్చిన సమాధానం నిలవకపోయినా, అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం నిలిచింది. మత్తులో ఉన్న మనిషి తన బాధ తాను చెప్పుకోలేడు కనుక ఇంకొకరు చూసి గ్రహించాలి. ఆ కాలంలోనే హైదరాబాదులో క్లోరోఫాం ఇవ్వడంలో నైపుణ్యం సాధించిన రూపాబాయి ఫర్దూన్జీని ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరిగా చరిత్రకారులు గుర్తిస్తున్నారు.

3. పట్టిక, మంచం, కొలమానం

రోగిని చూసి గ్రహించినదాన్ని కాగితం మీద పెట్టడం తరువాతి మెట్టు. 1890ల మధ్యలో బోస్టన్‌లో వైద్య విద్యార్థులుగా ఉన్న హార్వీ కుషింగ్, ఎర్నెస్ట్ కాడ్‌మన్ ఈథర్ ఇచ్చేటప్పుడు నాడి, శ్వాసలను పట్టికగా రాయడం మొదలుపెట్టారు. 1901లో కుషింగ్ ఇటలీ నుంచి రక్తపోటు కొలిచే సాధనాన్ని అమెరికాకు తెచ్చాడు. పుర్రెలోపలి ఒత్తిడి పెరిగినప్పుడు రక్తపోటు హెచ్చి నాడి మందగిస్తుందని అతడు వివరించిన లక్షణాన్ని నేటికీ అతని పేరుతోనే పిలుస్తారు. మెదడు శస్త్రచికిత్సకు ఆద్యుడిగా అతణ్ణి కీర్తించేవారు ఈ పట్టికను ఒక చిన్న విషయంగా దాటవేస్తారు. అది సరికాదు. గంటవారీ పట్టిక లేకపోతే ఐసీయూ లేదు.

1923లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో వాల్టర్ డాండీ శస్త్రచికిత్స జరిగిన మెదడు రోగుల కోసం 3 మంచాలను వేరుచేసి ప్రత్యేక నర్సులను నియమించాడు. ఐసీయూ చరిత్ర రాసేవారిలో చాలామంది దీనినే ఆ వ్యవస్థకు బీజంగా చెబుతారు. కృత్రిమ శ్వాస సంగతి తరువాతిది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో మహమ్మారి ప్రబలినప్పుడు మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ సూచనపై వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు చేతితో సంచులు నొక్కి రోగులకు ఊపిరి అందించారు. మరుసటి ఏడాది ఇబ్సెన్ ప్రత్యేక విభాగాన్ని నెలకొల్పాడు.

కణితి రోగుల దృష్ట్యా 1961 అంతకంటె ముఖ్యమైనది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మెదడు వాపును తగ్గిస్తుందని గాలిచిక్, ఫ్రెంచ్ ప్రభృతులు చూపారు. ఐసీయూ అనగానే ప్రజల ఊహలో మెదిలేది వెంటిలేటర్. కణితి తొలగించిన రోగులలో ఎక్కువమందికి మేలు చేసినది మాత్రం ఈ చవకైన మందు. స్వీడన్‌లో నిల్స్ లండ్‌బర్గ్ పుర్రెలోపలి ఒత్తిడిని నిరంతరంగా నమోదు చేసిన పరిశోధన కూడా ఆ కాలానిదే (1960). 1974లో గ్లాస్గోకు చెందిన గ్రహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ స్పృహను కొలిచే ఒక కొలమానాన్ని ప్రకటించారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, అవయవాలను కదిలించడం అనే మూడింటికి విడివిడిగా మార్కులు వేస్తారు. నేటి రూపంలో గరిష్ఠం 15, కనిష్ఠం 3. దీనికి యంత్రం అక్కరలేదు, భాష కావాలి. ఆ సంగతి సింగరేణి రోగుల విషయంలో ఎంత ముఖ్యమైనదో ముందు ముందు స్పష్టమవుతుంది.

4. దక్షిణాదిన నాడీశస్త్రచికిత్స

భారతదేశంలో ఆధునిక నాడీశస్త్రచికిత్స విభాగం తొలుత 1949లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాండీ ఆధ్వర్యంలో, ఆ మరుసటి సంవత్సరం మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి ఆధ్వర్యంలో మొదలైంది. 1951లో వీరిద్దరూ, మరి కొందరూ కలిసి భారత నాడీశాస్త్ర సంఘాన్ని స్థాపించారు. తెలంగాణ రోగులకు దారి ప్రధానంగా హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రికి, తరువాతి కాలంలో నిమ్స్‌కు పడింది. 1964లో నిజాం ధర్మనిధి తోడ్పాటుతో ఎముకల ఆసుపత్రిగా వెలసిన సంస్థ 1980లలో నిజాం వైద్య విజ్ఞాన సంస్థగా రూపాంతరం చెందింది. దాని తొలి సంచాలకుడు రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు.

నిమ్స్‌కు సంచాలకుడిగా పనిచేసిన నాడీశస్త్రవైద్యుడు దేమె రాజారెడ్డి పేరు తెలుగు పరిశోధకులకు మరో విధంగా పరిచితం. ఫ్లోరైడు నీటి వల్ల వెన్నుపాము దెబ్బతినడంపై పరిశోధించిన ఆయనే, పి. సూర్యనారాయణరెడ్డితో కలిసి కోటిలింగాల నాణేలపై 1983లో గ్రంథం వెలువరించారు. కోటిలింగాల గోదావరిఖనికి ఎగువన, అదే గోదావరి ఒడ్డున ఉన్నది. శాతవాహన పూర్వ పాలకుల పేర్లు బయటపడిన ఆ రేవు గురించి ఒక మెదడు శస్త్రవైద్యుడు రాశాడన్న సంగతిని చరిత్ర విద్యార్థులు తరచూ మరచిపోతారు.

5. రాజీవ్ రహదారి పొడవునా

సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఆ పేరుతో ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం అధిక వాటాలను స్వాధీనం చేసుకొంది. ప్రస్తుతం తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నది. గోదావరిఖని ప్రాంతంలో తవ్వకాలు 1960ల నుంచి విస్తరించాయి. తాప విద్యుత్కేంద్రాలు, ఎరువుల కర్మాగారం తోడై రామగుండం పారిశ్రామిక నగరమైంది. కొత్తగూడెంలో ప్రధాన ఆసుపత్రిని, గోదావరిఖని, బెల్లంపల్లి, రామకృష్ణాపూర్, మణుగూరు, భూపాలపల్లి వంటి చోట్ల ఏరియా ఆసుపత్రులను కంపెనీయే నడుపుతున్నది.

ఈ ఆసుపత్రుల స్వభావాన్ని గని నిర్ణయించింది. పైకప్పు కూలడం, యంత్రంలో చేయి పడటం, కాలడం, దుమ్ము వల్ల ఊపిరితిత్తులు చెడటం వంటివి గనికి సహజమైన ఆపదలు. ఆసుపత్రి వాటికి సిద్ధమైంది. మెదడు కణితి గని తెచ్చిపెట్టే జబ్బు కాదు. పట్టణ జనాభాలో అప్పుడొకటి అప్పుడొకటి కనిపిస్తుంది. అందువల్ల దానికి అవసరమైన శస్త్రవైద్యుడు, మత్తు వైద్యుడు, రాత్రి వేళ స్కానింగు, రక్తనిధి, శిక్షణ పొందిన నర్సులు అన్నీ ఒకచోట చేరే నగరానికి రోగిని పంపడమే పద్ధతి అయింది. కార్మికుల వాడుకలో ఇది ‘రెఫర్ రాయించుకోవడం’. గోదావరిఖని నుంచి హైదరాబాదుకు రాజీవ్ రహదారి మీదుగా దాదాపు 220 కిలోమీటర్లు. మధ్యలో కరీంనగర్‌లో 2000 తరువాత ప్రైవేటు వైద్య కళాశాలలు వచ్చాయి. ఒక పక్క వరంగల్‌లో 1959 నాటి కాకతీయ వైద్య కళాశాల ఉన్నది. అయినా రెఫర్ కాగితం మీద చాలాకాలం హైదరాబాదు పేరే ప్రధానంగా కనిపించింది.

కంపెనీ పర్మినెంటు కార్మికుడికి ఉన్న ఈ హక్కు అదే గనిలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి అదే రూపంలో లేదు. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాలలో ప్రారంభమై తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించిన ఆరోగ్యశ్రీ, 2005లో మొదలైన 108 వాహనాలు ఆ లోటును కొంత పూడ్చాయి. రోడ్డు మాత్రం ఇద్దరికీ ఒకటే.

శస్త్రచికిత్స తరువాతి పరిరక్షణను దూరం నుంచి నడపడం సాధ్యం కాదనడానికి బలమైన ఆధారం 1995లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనం. రెండు వేలకు పైగా రోగుల రికార్డులను అది పరిశీలించింది. పుర్రెలో రక్తం గూడుకట్టి స్థితి విషమించినవారిలో అత్యధికులకు ఆ మార్పు తొలి 6 గంటలలోనే కనిపించింది. రక్తపు గడ్డను గుర్తించిన వెంటనే మళ్లీ కోసి తీయాలి. శస్త్రచికిత్స గది పక్కనే లేకపోతే గుర్తించినా ఫలం లేదు. కనుక తొలి రోజుల పరిరక్షణ హైదరాబాదులో కేంద్రీకృతం కావడాన్ని అన్యాయంగా చిత్రించడం తొందరపాటు అవుతుంది. చిక్కు ఆ తరువాతి రోజులదే.

6. మంచం దగ్గర భాష

తొలి రాత్రి చేసే పనులు నేడు దాదాపు అన్నిచోట్లా ఒకే విధంగా ఉంటాయి. మెడ వంగకుండా తలను సుమారు 30 డిగ్రీలు ఎత్తిపెడతారు. రక్తపోటు మరీ పెరిగితే రక్తస్రావం, మరీ పడిపోతే మెదడుకు రక్తం అందకపోవడం, ఈ రెండింటి మధ్య దానిని నిలుపుతారు. నొప్పికి మందు ఇస్తారు గాని స్పృహను కప్పివేసేంత మత్తు ఇవ్వరు. చిన్నమెదడు దగ్గర కణితి తీస్తే మింగగలుగుతున్నాడా, దగ్గగలుగుతున్నాడా అని చూడకుండా శ్వాసగొట్టం తీయరు. పీయూష గ్రంథి దగ్గర తీస్తే మూత్రం ఎంత పోతున్నదో గంటగంటకూ కొలుస్తారు.

వీటన్నింటికీ మించి రోగితో మాట్లాడతారు. “మీ పేరేమిటి? ఇప్పుడు ఎక్కడున్నారు? ఇది ఏ నెల?” అని అడుగుతారు. సరిగ్గా చెబితే మాటకు 5 మార్కులు, తడబడితే 4, పొంతనలేని పదాలైతే 3. నిన్నటి 5 ఇవాళ 4 అయితే వైద్యుణ్ణి లేపాలి, స్కానింగుకు పంపాలి. ఆ ఒక్క మార్కు తేడాను నిర్ణయించేది నర్సు చెవి. హైదరాబాదు ఐసీయూలలో ఆమె కేరళ నుంచి వచ్చి ఉండవచ్చు, కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఉండవచ్చు. రోగి ఉత్తర తెలంగాణ బొగ్గుబాయి నుంచి వచ్చినవాడు. ఒక వస్తువును చూపి పేరడిగితే “గదే... గది” అని ఆగిపోయాడనుకుంటే, అది వాడుకలోని ఊతపదమా, ఎడమ మెదడులో పదాలు అందకపోవడమా? పార బొమ్మను చూసి ‘చెమ్మస్’ అన్నాడనుకుంటే, తట్టా చెమ్మస్ ఎరిగిన గోదావరిఖనిలో అది నూటికి నూరుపాళ్లు సరైన జవాబు. ఆ మాట వినని చోట దానిని అర్థంలేని శబ్దంగా రాసే అవకాశం ఉన్నది. దీనికి విపర్యయం మరింత ప్రమాదకరం. నిజంగా మాట తడబడుతున్నా ‘వాళ్ల యాస అంతే’ అనుకొని వదిలివేయవచ్చు. కిటికీ లేని గదిలో రెండు రాత్రులు గడిపిన మనిషిని తారీఖు అడగడం కూడా అంత మంచి పరీక్ష కాదు. ఊరి పేరు, పనిచేసే గని పేరు, ఎక్కే షిఫ్టు అడిగితే మెరుగైన సమాచారం రావచ్చు. కుటుంబ సభ్యుణ్ణి రోజుకు ఒకటి రెండుసార్లయినా మంచం దగ్గరకు రానిచ్చి “ఈయన మాట మామూలుగానే ఉన్నదా?” అని అడగడం ఖర్చులేని పరీక్ష.

తెలుగు మాండలిక అధ్యయనం ఇంతవరకు వృత్తిపదకోశాల రూపంలో, సాహిత్య పరిశోధన రూపంలో విస్తరించింది. ఆసుపత్రి మంచం దగ్గర అది ఉపయోగపడగలదన్న ఆలోచన తెలుగు శాఖలకు ఎంత దూరమో, వైద్య కళాశాలలకూ అంతే దూరం.

రాసిపెట్టే పరిరక్షణ బొగ్గుగని కార్మికుడికి కొత్త కాదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. గనిలో సర్దారు షిఫ్టు జనం దిగక ముందే తన డిస్ట్రిక్టు అంతా తిరిగి, పైకప్పును తట్టి చూసి, వాయువు ఉన్నదో లేదో పరీక్షించి, పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. తరువాతి షిఫ్టు సర్దారు ఆ రాతను చదివే దిగుతాడు. ఐసీయూలో నర్సులు బాధ్యతను అప్పగించుకునే పద్ధతి కూడా ఇదే. మొదటిది ఆ కార్మికుడికి తెలిసిన భాషలో, తెలిసిన పనిగా జరుగుతుంది. రెండోది అతనిపైనే జరుగుతున్నా అతనికి గాని, అతని భార్యకు గాని అందులో ఒక్క ముక్క తెలియదు.

7. తిరుగు ప్రయాణం

వారం, పది రోజులకు రోగి గోదావరిఖని క్వార్టరుకు తిరిగివస్తాడు. గండం గడిచిందని బంధువులు భావిస్తారు. కొన్ని ప్రమాదాలు సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. పీయూష గ్రంథి శస్త్రచికిత్స తరువాత రక్తంలో సోడియం పడిపోవడం సాధారణంగా మొదటి వారం చివర, రెండో వారం ఆరంభంలో కనిపిస్తుంది. మనిషి మందకొడిగా, చిరాకుగా మారతాడు. ఇంట్లోవారు దానిని నీరసం అనుకుంటారు. కుట్లదగ్గర లేదా ముక్కు నుంచి నీటిలాంటి ద్రవం కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, పడిశం అనుకోరాదు. పిక్క వాచి నొప్పి పెడితే రక్తనాళంలో గడ్డ ఏర్పడిందేమో చూడాలి. డెక్సామెథసోన్‌ను మెట్లుమెట్లుగా తగ్గించాలి. ఒక్కసారి ఆపితే వాపు తిరగబెట్టవచ్చు, శరీరం తన సహజ స్టెరాయిడ్‌ను వెంటనే తయారుచేసుకోలేక కుప్పకూలవచ్చు. మూర్ఛ మందు సంగతి మరీ సున్నితం. ఎన్నడూ మూర్ఛ రాని రోగులకు తొలి వారం తరువాత దానిని క్రమంగా ఆపవచ్చునని అమెరికన్ న్యూరాలజీ అకాడమీ 2000లో సూచించింది. మూర్ఛ వచ్చినవారు మానకూడదు. తాను ఏ కోవకు చెందుతాడో రోగికి తెలియాలి.

ఇవన్నీ డిశ్చార్జి కాగితంలో ఉంటాయి. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. మాత్రల పేర్ల పక్కన లాటిన్ సంక్షిప్తాక్షరాలు ఉంటాయి. ఏరియా ఆసుపత్రి వైద్యుడు దానిని చదవగలడు, సోడియం పరీక్ష అక్కడ చేయించనూ వచ్చు. ఏ లక్షణం కనిపిస్తే అతని దగ్గరకు పరుగెత్తాలో ఇంట్లోవారికి తెలిస్తేనే ఆ సదుపాయం అక్కరకు వస్తుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో దాహాన్ని, నీరసాన్ని ఎండకు ఆపాదించడం మరీ సులభం. ఒక పుట తెలుగు సూచన చేయగల పనిని ఇక్కడ ఏ యంత్రమూ చేయలేదు. దానిని రాయవలసింది వైద్యుడొక్కడే కాదు. ‘మందును మెట్లుగా తగ్గించండి’ అనే వాక్యం సింగరేణి ఇల్లాలికి ఏ అర్థాన్నిస్తుందో పరీక్షించి చూసే పని భాషాపరిశోధకులదే.

ఆ కాగితానికి మరో పాఠకవర్గం కూడా ఉన్నది. మూర్ఛ వచ్చే అవకాశమున్న మనిషిని భూగర్భంలోకి, తిరిగే యంత్రాల దగ్గరకు పంపడం అతనికీ తోటివారికీ ప్రమాదం. కనుక శస్త్రచికిత్స జరిగిన కార్మికుడు తిరిగి మస్టర్ పడాలంటే వైద్య నిర్ణయం అవసరం. ఉపరితలంలో తేలిక పనా, మెడికల్ అన్‌ఫిటా అన్నది కుటుంబ భవితవ్యాన్ని తేల్చే ప్రశ్న. 2017లో ఉమ్మడి హైకోర్టు వారసత్వ ఉద్యోగాల పథకాన్ని కొట్టివేసిన తరువాత, వైద్య కారణాలపై అనర్హుడైన కార్మికుడి వారసుడికి కారుణ్య నియామకం అనే మార్గానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. అందువల్ల తండ్రి మాట స్పష్టంగా వస్తున్నదా, చేయి పట్టు నిలుస్తున్నదా అన్న పరిశీలన ఇంట్లో ఆరోగ్యం కోసం ఒకలా, కొత్తగూడెం మెడికల్ బోర్డు కోసం మరొకలా జరిగే విచిత్ర స్థితి ఏర్పడింది. కోలుకోవడం, ఉద్యోగం రెండూ ఒకే లక్షణంపై ఆధారపడినప్పుడు రోగి తన స్థితిని యథాతథంగా చెప్పుకోవడం కష్టం. పదవీ విరమణ చేసిన కార్మికుడికి ఈ సంకటం లేదు. అతనికి వైద్య పథకపు వ్యయ పరిమితి అనే వేరే లెక్క ఉన్నది. ఐసీయూలో గడిపిన ప్రతి రోజూ ఆ లెక్కలోంచి తరుగుతుంది.

2022–23లో సింగరేణి నిధుల తోడ్పాటుతో రామగుండంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైంది. మెదడు కణితి శస్త్రచికిత్స అక్కడ నిత్యకృత్యం కావడానికి రాత్రివేళ పనిచేసే మత్తు వైద్యులు, స్కానింగు, శిక్షణ పొందిన నర్సులు ముందుగా నిలదొక్కుకోవాలి. హైదరాబాదు నుంచి మూడో రోజునో, నాలుగో రోజునో వచ్చిన రోగిని గంటవారీ పట్టికతో సహా అందుకొని, మిగిలిన వారాలు కనిపెట్టుకొని ఉండే వార్డుకు మాత్రం శస్త్రచికిత్స గది అవసరం లేదు. ఆ వార్డులో ప్రశ్నలు అడిగే నర్సులు ఈ ప్రాంతపు పిల్లలే అయ్యే అవకాశం ఎక్కువ, వారికి చెమ్మస్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు.